ఫైబరు బోటు లోపలి చెక్క

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోను చేసి, “డాక్టర్లు మాట్లాడుతున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళు మాట్లాడుతున్నారు, నువ్వు కూడా నీ పని గురించి ఓ పావుగంట చెప్పాలి” అన్నారు. నా పని పాత ఫైబరు బోట్లు బాగుచేయడం. అందులో సభకి చెప్పేంత ఏముందండీ అన్నాను. “మన పిల్లలు సగం మంది ఏదో ఒక రేవు దాటి వచ్చినవాళ్ళే కదా, చెప్పు” అన్నారు. ఆ మాట నిజమే. అందుకే ఒప్పుకున్నాను.

కోనసీమకి ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ట, మధ్యలో వైనతేయ, దిగువన సముద్రం. బోడసకుర్రు దగ్గర వంతెన వచ్చింది, దిండి దగ్గర వచ్చింది, ఎదుర్లంక దగ్గర వచ్చింది. అయినా రేవులు పోలేదు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళే పంటు ఎక్కనివాళ్ళు ఈ సభలో ఎవరూ ఉండరు. లంకల్లో ఉన్నవాళ్ళకైతే బడికి, ఆసుపత్రికి, సంతకి పడవే దారి. 1986 ఆగస్టు వరద పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలినప్పుడు లంక ఊళ్ళకి బియ్యం, మంచినీళ్ళు చేర్చినవి బోట్లే. కాబట్టి బోటు గట్టిగా ఉందా లేదా అన్నది జాలర్ల గొడవ మాత్రమే కాదు, మనందరి గొడవ.

మన తాతల కాలంలో పడవంటే చెక్కే. యానాం పక్కనున్న కోరంగిలో ఒకప్పుడు సముద్రం మీద తిరిగే ఓడలే కట్టేవారు. 1839 తుఫాను ఆ రేవుని దెబ్బతీసింది గానీ ఆ చేతిపని తాళ్ళరేవు వైపు బతికే ఉంది. తీరంలో కెరటాలు దాటే పడవలకైతే మేకు కూడా కొట్టేవారు కాదు. పలకలకి బెజ్జాలు వేసి కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం కొడితే ఆ కుట్టు కాస్త సాగి తట్టుకునేది. తెప్పలైతే దుంగల్ని తాడుతో కట్టినవే. ఇవన్నీ ఏటేటా విప్పి, ఆరబెట్టి, మళ్ళీ కట్టుకునేవి. అంటే చెక్క ఎలా ఉందో ఏడాదికొకసారి కళ్ళారా చూసేవారన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తాను.

గాజు నారని రెజిన్‌తో తడిపి బోటు చేయడం 1940 దశకంలో అమెరికాలో మొదలైంది. మన తీరానికి రావడానికి చాలా కాలం పట్టింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం వాళ్ళు కెరటాలు దాటి ఒడ్డుకెక్కే కొత్త రకం పడవల మీద ఆంధ్ర తీరంలో కూడా ప్రయోగాలు చేశారు. కలప ధర పెరిగింది, మంచి దుంగలు దొరకడం మానేశాయి. 2004 డిసెంబరు సునామీ తరువాత తూర్పు తీరం పొడుగునా సాయం కింద పెద్ద ఎత్తున పంచినవి ఫైబరు బోట్లే. ఆనాటి బోట్లకి ఇప్పుడు ఇరవై ఏళ్ళు. వాటిలో చాలా వాటికి వయసు పైకి కనిపించదు. ఎందుకంటే ఏటా రంగు వేస్తాం.

ఫైబరు కుళ్ళదు, చెదలు పట్టదు, పురుగు తొలవదు అని అమ్మేవాళ్ళు చెబుతారు. అది అబద్ధం కాదు. కానీ ఫైబరు బోటు అంతా ఫైబరు కాదు. లోపల చెక్క ఉంటుంది. ఎందుకుంటుందంటే, గాజు నార పొర లాగితే తెగదు గానీ పలచగా ఉంటే వంగుతుంది. పట్టుకుని ఊపితే రేకులా ఊగుతుంది. మన లెక్కల మాస్టారు చెప్పిన ఘనం ఇక్కడ పనికొస్తుంది. పలక మందం రెట్టింపు చేస్తే వంగకుండా నిలిచే గుణం రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అంత మందం అంతా గాజుతోనే పోస్తే బరువు, ఖర్చు భరించలేం. అందుకని అణియం నుంచి అమరం దాకా అడుగున నిలువునా రెండో మూడో దూలాలు పెట్టి, వాటి మీద గాజు పొర కప్పేస్తారు. వీటిని స్ట్రింగర్లంటారు. వాటికి అడ్డంగా బద్దలు వేస్తారు. అమరం దగ్గర, ఇంజను తగిలించే చోట, రెండు గాజు పొరల మధ్య ప్లైవుడ్ పలకలు అతికిస్తారు. దాన్ని ట్రాన్సమ్ అంటారు. మన ఒంట్లో వెన్నెముక, పక్కటెముకలు ఎలాగో ఇవి అలాగ.

ట్రాన్సమ్ మీద పడే బరువు చూడండి. ఇంజను 40 కిలోల దరిదాపు ఉంటుంది. అదొక్కటే కాదు. ఇంజను బిగించింది పైన, ఫ్యాను తిరిగేది కింద, రెండడుగులకి పైగా దూరంలో, నీళ్ళలో. ఫ్యాను ముందుకి నెట్టిన ప్రతిసారీ ఇంజను గునపంలా ఆ చెక్కని మెలితిప్పుతుంది. అంతర్వేది మొగలోనో ఓడలరేవు మొగలోనో కెరటం మీద బోటు లేచి పడినప్పుడు ఆ మెలి ఎన్నో రెట్లవుతుంది. లోపల చెక్క గట్టిగా ఉంటే తట్టుకుంటుంది. మెత్తబడితే ఇంజను చెక్కతో సహా ఊడి నీళ్ళలో పడుతుంది. మొగలో ఇంజను లేని బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటుని కెరటం ఏం చేస్తుందో ఇక్కడున్న తీరం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మరి గాజు కప్పిన చెక్క ఎలా కుళ్ళుతుంది? ప్రతి బోల్టు ఒక బెజ్జం. ఇంజను బిగించడానికి నాలుగు, లంగరు తాడు కొక్కేనికి రెండు, బల్లలకి మేకులు. అడుగు నీళ్ళు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పోవాలని దూలాలకి కన్నాలు వేస్తారు, ఆ కన్నం అంచుకి గాజు పూయరు. ఆ అంచులనుంచి నీరు చెక్కలోకి ఎక్కుతుంది. ఎక్కిన నీరు బయటికి రాలేదు, గాజు మూతేసింది కదా. చెక్కలో తేమ వందకి ఇరవై దాటి అలాగే ఉండిపోతే బూజు జాతి పుట్టి చెక్కని తినేస్తుంది.

ఇంకో మాట చాలామంది నమ్మరు. ఉప్పునీటి కంటే మంచినీళ్ళే ఈ చెక్కకి ఎక్కువ చేటు. ఉప్పు ఆ బూజుని కొంత అడ్డుకుంటుంది, వాన నీరు దాన్ని పెంచుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోటు ఒడ్డున ఉంటుంది. మధ్యలో ఒక గాలివాన వచ్చి బోటులో జానెడు నీరు నిలుస్తుంది. తిరిగేటప్పుడు పాడవని బోటు, ఆగినప్పుడు పాడవుతుంది.

చెక్క సంగతి పైనుంచి ఎలా తెలుస్తుంది? మన దింపు కార్మికుడు కొబ్బరికాయ చేత్తో తట్టి ముదురో లేతో చెబుతాడు చూశారా, అదే పద్ధతి. చిన్న సుత్తి తీసుకుని దూలం పొడుగునా జానెడుకొక దెబ్బ వేసుకుంటూ వెళ్ళాలి. మంచి చెక్క “టక్” మంటుంది. కుళ్ళింది “బొద్” మంటుంది. చెవికి ఆ తేడా ఒక్కసారి పడితే ఇక మరిచిపోరు. రెండోది, ఇంజను కింది కాలు పట్టుకుని పైకీ కిందికీ ఊపాలి. ఇంజనుతో పాటు వెనక గోడ కదిలితే లోపల ప్లైవుడ్ పోయినట్టే. మూడోది, బోల్టు బిగిస్తుంటే పట్టు దొరక్కుండా లోపలికి దిగిపోతుంటే, బెజ్జం నుంచి గోధుమరంగు నీరు కారుతుంటే అనుమానించాలి. అప్పటికీ తేలకపోతే లోపలి వైపు నుంచి పెన్సిలంత బెజ్జం వేసి వచ్చిన పొట్టు చూడాలి. పొడిగా, పచ్చగా వస్తే మంచిది. నల్లగా, తడిగా, పుట్టగొడుగు వాసనతో వస్తే చెక్క పోయింది. చూశాక ఆ బెజ్జాన్ని రెజిన్‌తో పూడ్చేయాలి, లేకపోతే పరీక్షే కొత్త జబ్బు తెస్తుంది.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చిన ఒక బోటు సంగతి చెబుతాను. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు అక్కర్లేదు. 28 అడుగుల బోటు, సముద్రం మీద చాలా ఏళ్ళు తిరిగింది. యజమాని వేట మానేసి దాన్ని ఒక లంక వాళ్ళకి అమ్ముతున్నాడు. లంక వాళ్ళు చందాలు వేసుకున్నారు. పిల్లలు బడికి వెళ్ళడానికి, పాలు, అరటి గెలలు రేవు దాటించడానికి. యజమాని నన్ను పిలిచి పగుళ్ళకి పుట్టీ పెట్టి, రంగు వేసి ఇమ్మన్నాడు. నేను సుత్తి తీసి తట్టాను. కుడి దూలం అమరం నుంచి తొమ్మిది అడుగుల దాకా “బొద్” మంది. ట్రాన్సమ్ కింది సగం మెత్తబడింది.

“గోదాట్లో తిరిగే బోటుకి అంత రిపేరెందుకు మేస్త్రీ, అక్కడ కెరటాలా పాడా” అన్నాడు.

“సముద్రం మీద నలుగురు ఈతగాళ్ళు ఎక్కుతారు బాబాయ్. అక్కడ ఇరవై మంది పిల్లలెక్కుతారు” అన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. లోపల ఏముందో ఆయనకీ తెలీదు. కొనేవాళ్ళని కూడా పిలిపించి, ముగ్గురం నిలబడి సుత్తితో తట్టి వినిపించాను. ధర కొంత తగ్గించుకున్నారు, రిపేరు ఖర్చు చెరి సగం వేసుకున్నారు. బళ్ళు తెరిచేలోగా పని పూర్తిచేయాలి. చేసిన పని వరసగా చెబుతాను. మీలో కొందరికి బోట్లున్నాయి, కొందరు బోట్లకి డబ్బు సాయం చేస్తుంటారు, ఎలా చేస్తే నిలుస్తుందో తెలియాలి.

ముందు బోటుని కదలకుండా కూర్చోబెట్టాలి. దూలాలు తీసేసిన బోటు ఎముక తీసిన చేపలా ఉంటుంది. అది ఏ వంకరలో ఉంటే, కొత్త చెక్క పెట్టాక ఆ వంకరలోనే గట్టిపడిపోతుంది, ఇక జన్మంతా పక్కకే లాగుతుంది. అందుకని కొబ్బరి దుంగలు, ఇసుక బస్తాలు పెట్టి, గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూసి, అణియం నుంచి అమరానికి దారం లాగి చూసుకున్నాం. రెండు దూలాలు ఒకేసారి తీయలేదు. తీయబోయే ముందే ఎత్తులు, దూరాలు అన్నీ కొలిచి, అట్టముక్కలు కత్తిరించి పెట్టుకున్నాం.

తరువాత కోత. పై గాజు పొరని గ్రైండరుతో కోసి మూతలా లేపాలి. బ్లేడు లోతు దూలం దాకానే ఉండాలి, బోటు అడుగుకి తగలకూడదు. లోపల చెక్క చేత్తో తీస్తే పిండిలా వచ్చింది, తడిసిన కొబ్బరి పొట్టులా. నల్లటి చెక్క అయిపోయి తెల్ల చెక్క కనిపించిన చోట ఆగకూడదు, ఇంకో అడుగు ముందుకి వెళ్ళి కోయాలి. బూజు కంటికి కనిపించేదానికంటే ముందుకే పాకి ఉంటుంది. తరువాత బాగా ఆరబెట్టాలి. వాన పడకుండా పైన టార్పాలిన్, గాలి తగిలేలా పక్కలు ఖాళీ. ఇక్కడ తొందరపడితే మిగతా అంతా వృథా. తడి మీద రెజిన్ పట్టదు. ఆరాక పాత గాజుని గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, ఎసిటోన్‌తో తుడవాలి.

కొత్త చెక్కకి టేకు పెట్టమని లంక పెద్దాయన అడిగాడు. టేకు మంచి చెక్కే గానీ దానిలో నూనె ఉంటుంది, రెజిన్ దాన్ని గట్టిగా పట్టుకోదు. ఇక్కడ కావలసింది పేరున్న చెక్క కాదు, బాగా ఆరిన, ముడులు లేని, చేవ ఉన్న చెక్క. వెనక గోడకి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్. ఐ.ఎస్. 303 ముద్రది ఇంటి సామానుకి, బోటుకి కాదు. షాపులో ‘వాటర్‌ప్రూఫే సార్’ అంటారు, ముద్ర చూడండి. పాత దూలానికి కొత్త దూలం ఎదురెదురుగా తగిలించి అతికితే నిలవదు. మందానికి ఎనిమిది రెట్లు పొడుగున రెండిటినీ ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టాలి.

చెక్కని నేరుగా బోటు అడుగు మీద కూర్చోబెట్టకూడదు. అలా చేస్తే చెక్క అంచు తగిలే చోట కెరటం దెబ్బకి అడుగు చిట్లుతుంది. రెజిన్‌లో పొడి కలిపిన పుట్టీ పరుపులా వేసి దాని మీద కూర్చోబెట్టాలి. మూలల్లో అదే పుట్టీని బొటనవేలితో దిద్దినట్టు గుండ్రంగా దిద్దాలి. గాజు నార నిక్కమైన మూలలో వంగదు, వంగని చోట గాలి బుడగ మిగులుతుంది, ఆ బుడగలోకి మళ్ళీ నీరు. తరువాత చెక్కకి పలచని రెజిన్ పూత తాగినంత తాగించి, పైన పొరలు వేయాలి. మొదటి పొర బోటు అడుగు మీదకి రెండంగుళాలు దిగితే, రెండోది మూడు, మూడోది నాలుగు. ఒక్కో పొర మీద రోలరు తిప్పి గాలి తీసేయాలి. అన్ని పొరలూ ఒకేసారి వేస్తే వేడెక్కి పగులుతుంది.

రెజిన్‌లో రెండు రకాలు. మన తీరంలో ఎక్కువగా వాడేది పాలిస్టర్, చవక. ఎపాక్సీ ఖరీదు గానీ చెక్కని, పాత గాజుని బాగా పట్టుకుంటుంది. ఆ బోటుకి వెనక గోడ వరకు ఎపాక్సీ, దూలాలకి పాలిస్టర్ వాడాం. ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా పట్టదు, కాబట్టి ఏది ఎక్కడ వేస్తారో ముందే తేల్చుకోవాలి. గాలి పెట్టెల్లో పాత తడి నురగ తీసేసి థర్మోకోల్ పెట్టబోయారు మా కుర్రాళ్ళు. ఆపాను. పాలిస్టర్ రెజిన్ తగిలితే థర్మోకోల్ పంచదారలా కరిగిపోతుంది.

ఆఖరుది, అన్నిటికంటే ముఖ్యమైంది బెజ్జాలు. బోల్టు చెక్కకి తగలకూడదు. బోల్టుకంటే పెద్ద బెజ్జం వేసి, దాన్ని ఎపాక్సీ పుట్టీతో పూర్తిగా పూడ్చి, గట్టిపడ్డాక దాని నడుమ అసలు బెజ్జం వేయాలి. నీళ్ళు పోయే కన్నాలకి పీవీసీ గొట్టం ముక్క పెట్టి చుట్టూ గాజు కప్పాలి. ఈ పని రెండు రోజులు ఎక్కువ పడుతుంది. కానీ పాత బోటు చచ్చింది ఈ రెండు రోజులు ఆదా చేసుకోబట్టే.

పని చేసే కుర్రాళ్ళ గురించి కూడా ఒక మాట. గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తువ్వాలు కట్టుకుంటే ఆగదు, సరైన మాస్కు కావాలి. రెజిన్‌లో కలిపే క్యాటలిస్టు కిలోకి పది నుంచి ఇరవై మిల్లీలీటర్లు చాలు, మన ఎండల్లో పది చుట్టుపక్కలే. అది కంట్లో పడితే చూపు పోతుంది, పడిన క్షణమే నీళ్ళతో కడుగుతూనే ఉండి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ క్యాటలిస్టునీ, కోబాల్టు యాక్సిలరేటరునీ ఎప్పుడూ నేరుగా కలపకూడదు. కలిపితే భగ్గుమంటుంది, పేలుతుంది. ముందు ఒకటి రెజిన్‌లో బాగా కలిశాకే రెండోది. సీసాలు ఒకే చోట పక్కపక్కన కూడా పెట్టొద్దు. మన దగ్గర ఇవి మంచినీళ్ళ సీసాల్లో పోసి పెట్టే అలవాటు ఉంది. ఆ అలవాటు మానాలి.

ఆ బోటు జూన్ రెండో వారానికి నీళ్ళలో దిగింది. ఇప్పటికీ తిరుగుతోంది. ఏటా వేసవిలో ఒకసారి వెళ్ళి తట్టి వస్తాను.

ఇందాక గుర్తుంచుకోమన్న మాట. మన తాతలు పడవని ఏటా విప్పి చూసేవారు. ఫైబరు వచ్చాక విప్పే పని పోయింది, దానితో చూసే పనీ పోయింది. విప్పకుండానే చూడడం మనం నేర్చుకోవాలి. అంతే తేడా.

స్వర్ణోత్సవం సందర్భంగా సంఘం వాళ్ళు ఏదైనా మంచి పని తలపెడదామంటున్నారు. గదులకి రంగులు, కంప్యూటర్లు అన్నీ మంచివే. దానితో పాటు నాదొక విన్నపం. ఏటా మే నెలలో, బడి తెరవక ముందు, మన పిల్లలు ఎక్కి వచ్చే ప్రతి బోటునీ తట్టి చూద్దాం. నేను వస్తాను. చెప్పిస్తే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళకి నేర్పుతాను. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, విశాఖలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వారి పరిశోధన కేంద్రం ఉంది. అడిగితే సలహా ఇచ్చేవారు అక్కడున్నారు. చూడాల్సినవి ఆరే. దూలం తడితే ఏ శబ్దం వస్తోంది? ఇంజను ఊపితే గోడ కదులుతోందా? బోల్టు పట్టు ఇస్తోందా? ఒడ్డున ఉన్నప్పుడు అడుగు బిరడా తీసి ఉంచుతున్నారా, పైన కప్పు ఉందా? ఎంతమంది ఎక్కాలో పక్కన రాసి ఉందా? ఎక్కినవాళ్ళందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా?

ఆరింటికీ సరైన జవాబు వచ్చిన బోటుకి ఏ రంగు వేసినా నాకు అభ్యంతరం లేదు. రానిదానికి మాత్రం రంగు వేయొద్దు. రంగు వేస్తే ఇంకో ఏడాది దాకా ఎవరూ దానికేసి అనుమానంగా చూడరు.

టీచర్లకి కూడా మనవి. సైన్సు పీరియడ్లో ఒకరోజు పిల్లల్ని రేవుకి తీసుకెళ్ళండి. సుత్తి ఇచ్చి తట్టించండి. వాళ్ళెక్కే బోటు వాళ్ళే విని తెలుసుకుంటారు. “ఇది బొద్దంటోందండీ” అని ఒక పిల్ల అన్నాక ఆ బోటుని ఎవరూ కట్టు విప్పలేరు.

 భోజనాల వేళయింది. సెలవు.